మా వీధి ట్యాంకు, మా వీధి కందకం

మా వీధికి సొంతంగా ఒక యుద్ధట్యాంకు ఉన్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. చుట్టుపక్కల ఏ వీధికీ ఇది లేదు. వాళ్ళకు వీధి దీపాలు ఉన్నాయి, మురుగు కాలవలకు మూతలు ఉన్నాయి, కొళాయిల్లో నీళ్ళు కూడా వస్తాయని వింటున్నాము. రానివ్వండి. రేపు శత్రువు వస్తే మూతలు అడ్డుపెట్టుకుంటారా?

ట్యాంకు మా బావగారి సృష్టి. బావగారంటే మా అక్కయ్య భర్త. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని, ఒక వాటాలో అక్కా బావా, రెండో వాటాలో నేనూ మా ఆవిడా మా అమ్మా ఉంటున్నాము. బావగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి పదవీ విరమణ పొందారు. ఆయన బజారులో అడుగుపెడితే త్రాసులు వాటంతటవే సరిగ్గా నిలబడేవని చెప్పుకుంటారు. అటువంటి మనిషి విశ్రాంతి తీసుకుంటే ఇంట్లోవాళ్ళకు విశ్రాంతి ఉండదు. అక్కయ్య గ్లాసులో పోసిన పాలు అంచుకు ఎంత దిగువన ఉన్నాయో ఆయన స్కేలు పెట్టి చూసేవారు. అందుచేత ఆయన ట్యాంకు చేస్తానన్న రోజున అక్కయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ట్యాంకే ఎందుకయ్యా అంటే, పళ్ళ డాక్టరు గదిలో కూర్చుని ఉండగా ఒక పాత పత్రికలో ఆయన దాని బొమ్మ చూశారు. బొమ్మ కింద దాని పొడవు, వెడల్పు, బరువు, అది ఎక్కగల గోడ ఎత్తు, దాటగల కందకం వెడల్పు అన్నీ మిల్లీమీటర్లతో సహా వేసి ఉన్నాయట. తన గురించి తాను ఇంత నిజాయితీగా చెప్పుకున్న వస్తువును సర్వీసంతా వెతికినా చూడలేదని ఆయన కళ్ళు చెమర్చాయి. డాక్టరు అది పంటి నొప్పి అనుకున్నాడు.

నేను రోజూ దైవప్రార్థన చేసుకునే మనిషిని. మనసాగక అడిగాను.

"బావా, దేవుడిచ్చిన తీరిక కదా. మనుషుల్ని చంపే బండెందుకు? ఓ ట్రాక్టరు చేయకూడదూ?"

"ట్రాక్టరు కందకం దాటదు."

"మనకి కందకంతో పనేముంది బావా?"

"అది తర్వాత చూద్దాం. ముందు దాటేది ఉండాలి కదా" అన్నారు.

ఆ మాట ఎంత ముందుచూపుతో అన్నారో నా బోటివాడికి అప్పుడెలా తెలుస్తుంది?

బావగారి ట్యాంకు అసలు ట్యాంకులో సరిగ్గా నాలుగో వంతు. అక్కయ్యవాళ్ళ ముందుగదిలో సోఫాలు లేచిపోయి వెల్డింగు మొదలయింది. తలుపు వెడల్పు ముందే కొలిచి పెట్టుకున్నారు కాబట్టి, తయారయ్యాక బయటికి రాదేమోనని చూడ్డానికి వచ్చినవాళ్ళు నిరాశపడ్డారు. ట్యాంకుకు చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలు ఉంటాయి. పట్టా అంటే చిన్న చిన్న ఇనుప బిళ్ళలను పిన్నులతో ఒకదానికొకటి తగిలించిన మాల. ఒక్కో బిళ్ళను ఆయన కోసి, చిల్లులు పెట్టి, ఆకురాయితో అరగదీసి, కొలిచి, ఎవరి కంటా పడని లోపలివైపు శాఖ అలవాటు ప్రకారం ముద్ర కొట్టేవారు. నడపడానికి పాత చక్రాల కుర్చీల నుంచి విప్పిన రెండు మోటార్లు, లారీ బ్యాటరీలు, చేతిలో రెండు మీటల రిమోటు. ఎడమ మీట నొక్కితే ఎడమ పట్టా, కుడి మీట నొక్కితే కుడి పట్టా. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ నొక్కితే ట్యాంకు నిలబడ్డ చోటే గుండ్రంగా తిరుగుతుంది. మొదటిసారి అలా తిరిగినప్పుడు గచ్చు పెచ్చులు లేచిపోయాయి. అక్కయ్య ఆ పెచ్చులు ఊడ్చి పారేసింది. పాల గ్లాసు గొడవ వదిలిందని ఆమె ఇంకా సంతోషంలోనే ఉంది.

ఫిరంగి గొట్టం దగ్గర మాత్రం చర్చ జరిగింది. పల్చటి గొట్టం పెడితే ముందువైపు తేలిగ్గా ఉంటుందని వెల్డరు సలహా చెప్పాడు. తక్కువ బరువు అనే మాట వినగానే బావగారు అతణ్ణి ఒక చూపు చూశారు. బజారులో ఎందరో ఎరిగిన చూపు అది. రేకు మందం కూడా లెక్క ప్రకారం ఉన్న బరువైన గొట్టమే వచ్చింది. అది పేలదని తెలిసి వీధి కాస్త చిన్నబుచ్చుకుంది. ఏం చేస్తాం, వానాకాలంలో తడిసిన గొడుగులు తగిలించుకోవడానికి పనికొస్తుందని సర్దుకున్నాము.

చివరికి రంగు. యుద్ధంలో తిరిగిన ట్యాంకు శుభ్రంగా ఉండదు గనక, దాని మీద బురద మరకలు బురద రంగుతో వేయాలి. ఆ రంగు సరిపోల్చుకోవడానికి బావగారు మా వీధిలోంచి ఒక గిన్నెడు అసలు బురద తెచ్చుకుని, పక్కన పెట్టుకుని, సన్న కుంచెతో చక్రం చక్రానికీ బురద చిత్రించారు. ఆ పని జరుగుతున్నన్నాళ్ళూ అసలు బురద కాళ్ళతో ఎవరూ ఆ గదిలోకి రాకూడదని ఆంక్ష.

ఇక కందకం విషయానికి వస్తాను. మంచినీళ్ళ గొట్టం వేయడానికని పురపాలకసంఘం వారు మా వీధికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక కందకం తవ్వారు. గొట్టం వేశారా అని మీరు అడగబోతున్నారు. తవ్వే విభాగం వేరు, వేసే విభాగం వేరు. తవ్వే విభాగం తన పని చక్కగా పూర్తిచేసింది.

ఆ కందకానికి ఇవతల మా ఇల్లు, అవతల ప్రార్థన మందిరం. మా అమ్మ రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని మందిరానికి వెళ్ళేది. మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా వెళ్ళేది. కందకం తవ్విన నాటి నుంచి ఆ నడక ఆగిపోయింది. ఎవరో ఒక చెక్క వేశారు గానీ, దాని మీద నుంచి పాలవాడే జారాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని అక్కడి గంట వినేది. ఎక్కడ ప్రార్థించినా దేవుడికి వినబడుతుందిలే అమ్మా అని నేను ఓదార్చాను.

"ఆయనకి వినబడుతుంది నాయనా" అంది. "అక్కడ అందరూ పాడేదే నాకు వినబడట్లేదు."

దేవుడు దయామయుడు. ఒకనాడు గుత్తేదారు ట్రాక్టరు నిండా మట్టితో, పారలతో, మనుషులతో కందకం పూడ్చడానికి వచ్చాడు. అమ్మ కిటికీలోంచి చూసి కర్ర ఎక్కడుందో వెతుక్కుంది. సరిగ్గా ఆ సమయానికే బావగారు టేపు పట్టుకుని కందకంలోకి దిగి ఉన్నారు. పైకి వచ్చినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. అసలు ట్యాంకు దాటగల కందకం వెడల్పును నాలుగో వంతు చేస్తే వచ్చేది వెంట్రుకవాసి తేడా లేకుండా మా వీధి కందకమే. కావాలని తవ్వించుకున్నా ఇంత ఖచ్చితంగా రాదు.

"కొన్నాళ్ళు ఆగండి, పరీక్ష చేసుకోవాలి" అని ఆయన గుత్తేదారును బతిమాలారు.

గుత్తేదారు నోరెళ్ళబెట్టాడు. పని ఎందుకు చేయలేదని అతన్ని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, చేయవద్దని బతిమాలిన పౌరుడు ఇంతవరకూ తారసపడలేదు. బావగారి రెండు చేతులూ పట్టుకుని, ఎన్నాళ్ళైనా ఆగుతానని మాట ఇచ్చి, మట్టితో సహా వెళ్ళిపోయాడు. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాడు. వీధంతా బావగారిని అభినందించింది. అమ్మ కర్రను మళ్ళీ మూలన పెట్టింది.

పరీక్ష రోజున మా వీధి సంఘం అధ్యక్షులవారు అధ్యక్షత వహించారు. వారు విశ్రాంత ఉపన్యాసకులు. విశ్రాంతి ఉద్యోగానికే గానీ ఉపన్యాసానికి కాదు. "ప్రతి మహానగరానికీ ఒక నది ఉంది. మనకు ఒక కందకం ఉంది" అని ఆయన మొదలుపెట్టేసరికి కొందరికి ఒళ్ళు గగుర్పొడిచింది. ట్యాంకు గంభీరంగా కదిలి, కందకం అంచు చేరి, ఫిరంగి గొట్టం బరువుకు ముక్కు వాల్చి, తలకిందులుగా లోపలికి దిగింది. "మన కందకం ఎంత లోతైనదో లోకానికి తెలిసింది" అని అధ్యక్షులవారు ముగించారు.

తాళ్ళు కట్టి లాగాక బావగారు లెక్కలు వేశారు. ముందువైపు బరువుకు సరితూగేలా వెనకవైపు బరువు పెట్టాలి. ఇసుక బస్తాలు కట్టి చూశారు. ఊగినప్పుడల్లా అవి జారిపోతున్నాయి. తనను తాను పట్టుకుని కూర్చోగల బరువు కావాలి. అధ్యక్షులవారు ఎక్కితే వెనకభాగం నేలకు అంటుకుపోయింది. నేను ఎక్కినా ఎక్కువే. బావగారు వేసిన అంకె పట్టుకుని వీధిలో అందరినీ ఎగాదిగా చూశారు. ఆ చూపు చివరికి మా కిటికీ దగ్గర ఆగింది. వెంటనే తల దించుకున్నారు. ఊరందరినీ త్రాసు ఎక్కించిన మనిషి, అత్తగారిని మీ బరువెంత అని ఎలా అడుగుతారు?

అమ్మే కర్ర తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నన్ను తూచక్కర్లేదు అల్లుడుగారూ. నాకెలాగూ అవతల పనుంది" అంది.

వెనక డెక్కు మీద, అంటే బల్లలా చదునుగా ఉన్న పైరేకు మీద, దిండు వేసి కూర్చోబెట్టాము. అమ్మ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో ఫిరంగిని మోసే బురుజు మీది కొక్కెం పట్టుకుని కళ్ళు మూసుకుంది. బావగారు రెండు మీటలూ ఒక్కసారే మెల్లగా నొక్కారు. ట్యాంకు అంచు చేరింది, ముక్కు గాలిలోకి చాచింది, వాలలేదు, అవతలి అంచును పట్టుకుంది, దాటింది. అమ్మ దిగి, చీర సర్దుకుని, వెనక్కి చూడకుండా మందిరానికి నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు లోపలి నుంచి వచ్చిన పాటలో ఆమె గొంతు నేను పోల్చుకున్నాను. ట్యాంకు చేయడాన్ని తప్పుపట్టినందుకు బావగారిని మనసులో క్షమాపణ అడిగాను.

తర్వాత కథ మీరు ఊహించగలరు. అమ్మ దాటిందని తెలిశాక అందరికీ అవతల పనులు గుర్తొచ్చాయి. దర్జీ మామయ్య, కళ్ళు కనబడని పెద్దాయన, గ్యాస్ సిలిండర్లు, బడిపిల్లల సంచులు అన్నీ ట్యాంకు మీదే. అమ్మ కన్న తక్కువ బరువున్నవాళ్ళ ఒళ్ళో బావగారు తూకం రాళ్ళు పెట్టేవారు. ప్రయాణికులు దాన్ని బండి అనకూడదు, గొట్టానికి సంచులు తగిలించకూడదు, చిత్రించిన బురద మీద అసలు బురద పడనీయకూడదు. "పెళ్ళయ్యాక నన్ను ఒక్క సినిమాకి తీసుకెళ్ళలేదు. ఇప్పుడు ఊరందర్నీ గుంత దాటిస్తున్నారు" అని అక్కయ్య అందరికీ చెప్పుకుంది. అందులో ఫిర్యాదు ఎంతో గర్వం ఎంతో నేను తేల్చలేకపోయాను. కందకం పూడ్చమని అడగాలన్న మాట మాత్రం వీధిలో ఎవరి నోటా రావడం మానేసింది. దాటడానికి ఇంత మంచి ఏర్పాటు ఉండగా ఎందుకు?

ఈ కీర్తి పురపాలక అధికారిగారి చెవిన పడి, వారు స్వయంగా పరిశీలనకు వేంచేశారు. పూలదండలు, కుర్చీలు, అధ్యక్షులవారికి కొత్తగా కొన్న తీగ లేని మైకు. ప్రదర్శన కోసం ఎవరినో ప్రత్యేకంగా ఎక్కించనక్కర్లేదు, అమ్మ ఎలాగూ మందిరానికి బయలుదేరింది. ఆ రోజు అక్కడ ఏడాదికోసారి జరిగే పెద్ద ప్రార్థన. ట్యాంకు కందకం సగం దాటింది. అధ్యక్షులవారు మైకు మీట నొక్కి, "ఆత్మగౌరవం గల పౌరులారా" అన్నారు.

ట్యాంకు ఎగిరిపడింది. మైకూ రిమోటూ ఒకే తరంగం మీద పనిచేస్తాయని ఎవరికి తెలుసు? "స్వయంకృషి" అనగానే ఎడమ పట్టా వెనక్కి తిరిగింది. "పురోగమనం" అన్నప్పుడు రెండు పట్టాలూ చెరో వైపు లాగాయి. బావగారు మైకు ఆపమని చేతులు ఊపారు. అది హర్షధ్వానమని అధ్యక్షులవారు గొంతు పెంచారు. లోపల ఫ్యూజు టప్పుమంది, కాలిన వాసన వేసింది, ట్యాంకు ఆగిపోయింది. ముందుభాగం అవతలి ఒడ్డున, వెనకభాగం కందకం మీద, దాని మీద మా అమ్మ.

ఫ్యూజు మార్చడం చిన్న పనే. కాకపోతే అది ఉన్నది వెనక డెక్కు కింద. డెక్కు తెరవాలంటే అమ్మ దిగాలి. అమ్మ దిగాలంటే కాలి కింద నేల ఉండాలి. ఎత్తి అందుకుందామని నేను చేతులు చాచాను గానీ, ఆవిడ వెనక అంచుకు జరిగితే ట్యాంకు వెనక్కి ఒరుగుతుందని బావగారు అరిచారు. మందిరంలో గంట మోగింది. అధికారిగారు ఇది ఏ విభాగం కిందికి వస్తుందో ఆలోచిస్తున్నారు. రంగు గీసుకోకుండా ట్యాంకును ఎలా తీయాలన్న దాని మీద మూడు నాలుగు అభిప్రాయాలు బయలుదేరాయి.

"నాయనా, ఆ పక్కనున్న మట్టి కాస్త లోపలికి తొయ్యండి, దిగిపోతాను" అంది అమ్మ.

తవ్విన మట్టి కందకం పక్కనే కుప్పగా ఉంది. తవ్విన నాటి నుంచీ అక్కడే ఉంది. ఎవరి ఇంట్లోంచి వచ్చాయో పారలూ గంపలూ వచ్చాయి. దర్జీ మామయ్య, నేను, అధ్యక్షులవారితో సహా అందరమూ తోశాము. కాసేపటికల్లా కందకం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండిపోయింది. మాకే ఆశ్చర్యం వేసింది. అమ్మ దిగి, మా అందరినీ ఒకసారి చూసి, మందిరానికి నడిచింది. అధికారిగారు ఆ నేల మీద బూటుతో రెండుసార్లు తట్టి, కందకం పూడ్చబడినట్లు తమ కళ్ళతో చూశామని ప్రకటించి, దండతో సహా కారెక్కారు. ఆ మాట కార్యాలయంలో నమోదయింది. కాబట్టి అధికారికంగా మా వీధిలో ఇప్పుడు కందకం లేదు.

ఇక మిగిలింది ట్యాంకు. ఫ్యూజు మార్చారు గానీ, పట్టాల మధ్యా చక్రాల మధ్యా మట్టి బిగుసుకుపోయి అది కదల్లేదు. తవ్వాల్సి వచ్చింది. ఒక్క బిళ్ళ కూడా వంగకూడదని బావగారు దగ్గరుండి చుట్టూ జాగ్రత్తగా తవ్వించారు. కిందికి తవ్వాము, పక్కలకు తవ్వాము. ఉత్సాహం వచ్చిన చేతులు ఒకచోట ఆగవు. ట్యాంకు గీత పడకుండా ఇవతలి ఒడ్డుకు చేరేసరికి కందకం మునుపటి కన్న శుభ్రంగా, అంచులు తీరి, చూడముచ్చటగా తయారయింది. వెడల్పు కొలిస్తే తేడా లేదు. అందరమూ చెమట తుడుచుకుని చప్పట్లు కొట్టుకున్నాము.

అప్పుడే పెద్ద ప్రార్థన ముగిసి అమ్మ అవతలి ఒడ్డున నిలబడింది. కందకం చూసింది. పారలు చూసింది. నా చేతిలోనూ ఒకటి ఉంది. బావగారు గబగబా మీటలు నొక్కి, కొక్కేనికి బిగించిన తూకం రాళ్ళ బరువుతో ట్యాంకును ఆవిడ పాదాల దగ్గరికి పంపించారు. దిండు కూడా దులిపి వేశారు.

"ఎక్కండి అత్తయ్యగారూ, ఫ్యూజు కొత్తది" అన్నారు.

"మీ పనితనానికి వంక పెట్టడానికి లేదు అల్లుడుగారూ" అంది అమ్మ. "నేను దేవుడి పక్కన ఉంటాను. మీరు గుంత పక్కన ఉండండి. పూడ్చాక కబురు పెట్టండి, నడిచి వస్తాను."

ఆవిడ మందిరం వెనక గదిలో, అక్కడ ఊడ్చి దీపం పెట్టే ముసలమ్మకు తోడుగా ఉండిపోయింది. చీరలు ఇచ్చి వస్తానని ట్యాంకెక్కి వెళ్ళిన అక్కయ్య తిరిగి రాలేదు. ఇద్దరినీ నచ్చజెప్పి తీసుకొస్తానని వెళ్ళిన మా ఆవిడా రాలేదు. తర్వాత దర్జీ మామయ్య భార్య, అధ్యక్షులవారి భార్య. అక్కడ రోజూ పాటలు బాగా పాడుతున్నారు, ఇక్కడికి వినబడుతున్నాయి. వాళ్ళది మంచి మనసు. రెండు పూటలా మాకు భోజనం క్యారియర్లు పంపుతున్నారు. వాటిని ట్యాంకు మీద తెచ్చుకుంటున్నాము. బావగారు ముందూ వెనకా బరువు సరిచూసి సర్దుతారు. కందకం పూడ్చారా అని అక్కయ్య ప్రతి పూటా అవతలి నుంచి కేకేసి అడుగుతుంది. మేము క్యారియరు మూతలు చూసుకుంటూ ఉంటాము.

మొన్న సంఘం సమావేశంలో నేను నెమ్మదిగా లేచి, ఆ రోజు కాసేపట్లో పూడ్చేశాము కదా, మళ్ళీ పూడిస్తే పోలేదా అని అడిగాను. అధ్యక్షులవారు జాలిగా చూశారు.

"పూడిస్తే ట్యాంకుకు పనేముంది? ట్యాంకు తిరగకపోతే మన భోజనాలెలా వస్తాయి?"

అందరూ తల ఊపారు. ఆలోచిస్తే అందులో న్యాయం ఉన్నట్టే తోచింది. నేనూ కూర్చున్నాను. అవతల జనం పెరిగి క్యారియర్లు ఎక్కువయ్యాయి గనక, రెండో ట్యాంకు నిర్మించాలని ఏకగ్రీవంగా తీర్మానించాము. బావగారు చేతులు కడుక్కుని వచ్చి ఎందుకో చాలాసేపు మందిరం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత టేపు తీశారు.

ఇది చదివి మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. రెండో ట్యాంకు ప్రారంభోత్సవానికి మీరు తప్పక రావాలి. వచ్చేటప్పుడు ఒక చిన్న కోరిక. మీ వీధి గుంత దాటడానికి మీరు ఏం చేసుకున్నారో అది కూడా వెంట తీసుకురండి. పక్కపక్కన పెట్టి చూసుకుందాం.